విజ్ఞానవాక్యంలో కర్త ఎవరు? నీతి, పర్యావరణ బోధనకు వైజ్ఞానిక వచనం: హైదరాబాదు ఉత్తర శివార్ల సందర్భంలో చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

సైన్సు విద్యార్థులకు నీతిని, పర్యావరణాన్ని బోధించడానికి కథేతర గ్రంథాలను ఆధారం చేసుకోవాలన్న ఆలోచన ప్రపంచమంతటా బలపడుతున్నది. తెలుగులో అలాంటి గ్రంథాలకు నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నా, ఆ చరిత్రను బోధనాదృష్టితో చదవడం తక్కువ. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాన్ని సందర్భంగా తీసుకొని, 1888 నుంచి 2021 వరకు హైదరాబాదు పరిసరాల్లో జరిగిన కొన్ని వైజ్ఞానిక ఘటనలను, వాటికి సంబంధించిన వచనాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విజ్ఞానవచనంలో కర్త ఎక్కడ కనిపిస్తాడు, ఎక్కడ లోపిస్తాడు అన్న భాషాపరమైన ప్రశ్న నుంచే నైతిక ప్రశ్న పుడుతుందని, అందువల్ల ఈ బోధనలో తెలుగు శాఖకు స్వతంత్రమైన పాత్ర ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వైజ్ఞానిక వచనం, కర్తృలోపం, సమ్మతి, పర్యావరణ విద్య, విజ్ఞానచంద్రికా మండలి, జీనోమ్ వ్యాలీ, పటాన్‌చెరు.

1. ప్రవేశిక

హైదరాబాదుకు ఉత్తరాన నాగపూర్ వెళ్ళే రహదారి మీద మేడ్చల్, కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట ఉన్నాయి. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు మేడ్చల్ జిల్లా పేరయింది. శామీర్‌పేట దాటి తుర్కపల్లి చుట్టుపక్కల 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీలో టీకాలు, మందులు, జీవసాంకేతిక పరిశోధన జరిపే సంస్థలు విస్తరించాయి. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. జవహర్‌నగర్‌లో బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణం 2008 నుంచి నడుస్తున్నది. మహానగరం నిత్యం వదిలించుకొనే చెత్త చేరే డంపింగ్ యార్డు కూడా ఆ జవహర్‌నగర్‌లోనే ఉంది. విజ్ఞానం తయారయ్యే చోటు, న్యాయం చదివే చోటు, వ్యర్థం చేరే చోటు ఇంత దగ్గరగా ఉన్న ప్రాంతాలు తక్కువ.

ఇక్కడి జూనియర్ కళాశాలలో, డిగ్రీ కళాశాలలో సైన్సు చదివే విద్యార్థి రేపు ఆ ప్రయోగశాలల్లో ఉద్యోగి కావచ్చు. అతని ఇంటి బోరునీటిలో ఈనాడే చెత్తగుట్ట ఊట కలిసి ఉండవచ్చు. అటువంటి విద్యార్థికి నీతి, పర్యావరణం అన్న మాటలకు అర్థం చెప్పవలసి వచ్చినప్పుడు ఏ గ్రంథాన్ని చేతికివ్వాలి? దాన్ని ఎలా చదివించాలి? ఈ రెండు ప్రశ్నలకు చరిత్రలో నుంచి సమాధానం వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పరిశీలనకు ఒక వ్యాకరణ విషయాన్ని పనిముట్టుగా తీసుకున్నాను. తెలుగు క్రియల్లో జంటలు విరివిగా ఉన్నాయి. చెరువు పూడింది, చెరువు పూడ్చారు. పంట మునిగింది, పంట ముంచారు. నీరు చెడింది, నీరు చెడగొట్టారు. మొదటి వాక్యం స్థితిని చెపుతుంది. రెండవ వాక్యం ఆ స్థితికి బాధ్యుణ్ణి అడుగుతుంది. ఇవి చాలవన్నట్టు మూడవ రూపం ఒకటుంది: వేయించుకొను, చేయించుకొను, కుట్టించుకొను. ఇందులోని ‘కొను’ ఆ పని ఎవరి మీద జరిగిందో వారి ఇష్టాన్ని, ప్రయోజనాన్ని సూచిస్తుంది. వైజ్ఞానిక నీతిశాస్త్రం బాధ్యత, సమ్మతి అనే రెండు స్తంభాల మీద నిలుస్తుందనుకుంటే, ఆ రెండింటికీ తెలుగు క్రియలో ముందే చోటు ఉంది.

2. పాఠ్యప్రణాళికలో కర్త

ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 22 నవంబర్ 1991న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలతో పర్యావరణ విద్య దేశమంతటా తప్పనిసరి అంశంగా మారడం మొదలయింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం డిగ్రీ విద్యార్థులందరికీ ఉమ్మడి పాఠ్యప్రణాళికను రూపొందించింది. యాభై తరగతుల ఆ ప్రణాళికలో ఎనిమిది భాగాలున్నాయి. కాలుష్యాన్ని గురించిన భాగం నిర్వచనం, కారణాలు, ప్రభావాలు, నివారణ అన్న క్రమంలో సాగుతుంది. గాలి, నీరు, నేల, సముద్రం, శబ్దం, ఉష్ణం అన్నీ ఆ వరుసలోనే వస్తాయి. పర్యావరణ నీతి సామాజిక సమస్యలను గురించిన మరొక భాగంలో ఒక ఉపశీర్షికగా ఉంటుంది.

ఈ ప్రణాళికను కర్తృదృష్టితో చదివితే ఒక విశేషం కనిపిస్తుంది. కాలుష్యం ‘జరుగుతుంది’, అడవి ‘తగ్గుతుంది’, జలం ‘క్షీణిస్తుంది’. ఇంత జరిగినా చేసినవాడు వాక్యంలోకి రాడు. కర్తగా స్పష్టంగా కనిపించేది ఒక్కచోటే: సహజవనరుల పరిరక్షణలోను, కాలుష్య నివారణలోను ‘వ్యక్తి పాత్ర’ అన్న అంశాల్లో. ఆ వ్యక్తి విద్యార్థే. పాడుచేసినప్పుడు లేని కర్త బాగుచేయవలసినప్పుడు మాత్రం ప్రత్యక్షమవుతాడు. ప్లాస్టిక్ సంచి వాడకూడదని, కుళాయి కట్టేయాలని నేర్చుకొన్న విద్యార్థికి, వాగులోకి రాత్రిపూట వ్యర్థజలం ఎవరు వదిలారని అడిగే అలవాటు ఈ ప్రణాళిక వల్ల రాదు.

ఇంటర్మీడియట్ స్థాయిలో విభజన మరింత స్పష్టం. మొదటి సంవత్సరం విద్యార్థులకు ‘నైతికత, మానవ విలువలు’, ‘పర్యావరణ విద్య’ అన్నవి భౌతిక, రసాయన, జీవశాస్త్రాలకు వెలుపల వేరు వేరు అర్హత పరీక్షలుగా నడిచాయి. రసాయనశాస్త్రం చెప్పే అధ్యాపకునికి నీతితో పనిలేదు, నీతి పాఠానికి రసాయనంతో పనిలేదు. ఈ ఎడబాటు తెలుగు వైజ్ఞానిక వచన చరిత్రలో మొదటి నుంచీ ఉన్నదా, మధ్యలో వచ్చిందా అన్నది తరువాతి ప్రశ్న.

అదే ప్రణాళికలోని చివరి భాగం క్షేత్రపర్యటన. స్థానికంగా కలుషితమైన ఒక ప్రదేశాన్ని విద్యార్థి చూసి రావాలని అందులో ఉంది. మంచి గ్రంథం తోడైతే, పాఠానికి ఊరి పేరు వచ్చే అవకాశం ఈ భాగంలోనే ఉంది.

3. క్లోరోఫారం, దోమ, అణా

జీనోమ్ వ్యాలీకి నూరేళ్ళకు పైగా ముందే హైదరాబాదు ప్రాంతం ఆధునిక వైద్య ప్రయోగాలకు వేదిక అయింది. హైదరాబాదు వైద్యపాఠశాలకు అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫారం వల్ల మరణం సంభవించేది గుండె ఆగడం చేతనా, శ్వాస ఆగడం చేతనా అన్న వివాదాన్ని తేల్చడానికి 1888లో ఒక కమిషన్ నడిపాడు. దాని ఫలితాన్ని లండన్ వైద్యులు ఒప్పుకోకపోవడంతో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయంతో 1889లో రెండవ కమిషన్ ఏర్పడింది. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చి పాల్గొన్నాడు. కుక్కలు మొదలైన వందలాది జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. శ్వాసే ముందు ఆగుతుందని, శ్వాసను గమనిస్తే చాలునని కమిషన్ తేల్చింది. క్లోరోఫారం గుండెను అకస్మాత్తుగా ఆపగలదని తరువాతి పరిశోధన నిరూపించింది. అన్ని జంతువుల ప్రాణాలతో సంపాదించిన నిర్ణయం ముఖ్యమైన చోటే పొరపాటయింది.

రెండవ ఘటన అందరికీ తెలిసినదే. 20 ఆగస్టు 1897న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. 1902లో అతనికి నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో అతని పేర ఉన్న సంస్థ నేటికీ ఉంది. పాఠ్యపుస్తకాల్లో ఈ కథ రాస్‌తో మొదలై రాస్‌తో ముగుస్తుంది. 1923లో అచ్చయిన రాస్ స్వీయచరిత్రలో మాత్రం మరొక పేరు ఉంది: హుసేన్ ఖాన్. ఇతడు మలేరియా రోగి. ప్రయోగశాలలో పెంచిన దోమలను ఇతని మీద వదిలి రక్తం తాగించారు. ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చెల్లించారు.

ఈ సంగతిని తెలుగులో మూడు విధాలుగా చెప్పవచ్చు. దోమలు హుసేన్ ఖాన్‌ను కుట్టాయి. రాస్ దోమలచేత హుసేన్ ఖాన్‌ను కుట్టించాడు. హుసేన్ ఖాన్ దోమకు అణా చొప్పున కుట్టించుకున్నాడు. మూడు వాక్యాలూ నిజమే. మొదటిది పరిశోధనపత్రం భాష, రెండవది అభియోగం భాష, మూడవది ఒప్పందం భాష. మూడవ వాక్యం నిలవాలంటే కొన్ని ప్రశ్నలకు సమాధానం కావాలి. ఆ రోగికి ప్రయోగం ఉద్దేశం ఎంతవరకు చెప్పారు? అణా ఆనాడు అతనికి ఎంత అవసరం? సైనిక వైద్యుని ముందు కాదనే వీలు ఉన్నదా? ‘కుట్టించుకొను’ అన్న క్రియలోని ‘కొను’ ఈ ప్రశ్నలన్నింటినీ మోస్తున్నది. అయినా ఆ కాలపు ప్రమాణాల్లో రాస్ పేరు దాచలేదు, ఇచ్చిన వెల దాచలేదు. తరువాతి పాఠ్యపుస్తకం ఆ రెండింటినీ వదిలేసింది. కథేతర గ్రంథం పాఠ్యపుస్తకానికి అదనంగా ఏమిస్తుందన్న ప్రశ్నకు మన ఊళ్ళోనే దొరికే తొలి సమాధానం ఇది.

4. విజ్ఞానచంద్రిక: చెప్పేవారు, వినేవారు

రాస్ ఆవిష్కరణ జరిగిన తొమ్మిదేళ్ళకు, 1906లో, ఇదే హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలి ఏర్పడింది. కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు వంటివారు దానికి ప్రాణం పోశారు. చరిత్ర, జీవితచరిత్రలతో పాటు ప్రకృతిశాస్త్రాలను తెలుగులో అందించడం మండలి లక్ష్యాల్లో ఒకటి. ఆచంట లక్ష్మీపతి రాసిన ‘జీవశాస్త్రము’, ‘అంటువ్యాధులు’ ఈ మాలలోనివే. అంతకు ముందే కందుకూరి వీరేశలింగం జంతుశాస్త్రం, శరీరశాస్త్రం, జ్యోతిశ్శాస్త్రం గురించి వచనంలో రాసి దారి వేశాడు.

ఈ తరానికి శాస్త్రమూ నీతీ వేరు కావు. అంటువ్యాధి ఎలా వ్యాపిస్తుందో తెలిసినవాడు పొరుగువాడికి దాన్ని అంటించకుండా మెలగాలి. నీటిని శుభ్రంగా ఉంచుకోవడం ఆరోగ్యసూత్రమూ ధర్మమూ కూడా. సంఘసంస్కరణ, దేశాభ్యుదయం, శాస్త్రప్రచారం ఒకే ఉద్యమానికి మూడు ముఖాలు. కాబట్టి నేటి పాఠ్యప్రణాళికలోని విభజన ఆ దశలో లేదు.

అయితే ఆ గ్రంథాల్లో సంబోధన ఒకవైపు నుంచే సాగుతుంది. తెలిసినవాడు చెపుతాడు, తెలియనివాడు విని ఆచరిస్తాడు. పాఠకుడు సంస్కరించవలసిన వ్యక్తి. అతడు శాస్త్రాన్ని ప్రశ్నించవచ్చునన్న ఊహకు ఆనాటి చారిత్రక అవసరంలో తావు తక్కువ. మశూచి, కలరా, ప్లేగు ఊళ్ళను తుడిచిపెడుతున్న కాలంలో టీకా మీద నమ్మకం కలిగించడమే మొదటి పని. దాన్ని ఈనాటి ప్రమాణంతో తప్పుపట్టడం న్యాయం కాదు. కానీ ఆ సంబోధనారీతిని నేటి పర్యావరణ పాఠం యథాతథంగా తీసుకొన్నదని గుర్తించాలి. ‘వ్యక్తి పాత్ర’ అన్న శీర్షిక కింద విద్యార్థి వినే మాట నూరేళ్ళ నాటి ఆరోగ్యసూత్రానికి కొనసాగింపు. అప్పటి శత్రువు సూక్ష్మజీవి, దానికి ఉద్దేశం లేదు. ఇప్పటి వ్యర్థజలం వెనుక నిర్ణయాలున్నాయి, లాభనష్టాల లెక్కలున్నాయి. శత్రువు మారినా వాక్యనిర్మాణం మారలేదు.

5. విస్మయం నుంచి సందేహానికి

స్వాతంత్ర్యానంతరం తెలుగు వైజ్ఞానిక వచనం చాలా మారింది. నండూరి రామమోహనరావు ‘నరావతారం’, ‘విశ్వరూపం’ గ్రంథాలు, మహీధర నళినీమోహన్ పుస్తకాలు, కొడవటిగంటి కుటుంబరావు వైజ్ఞానిక వ్యాసాలు వ్యావహారిక భాషలో శాస్త్రానికి పాఠకులను సంపాదించాయి. విశ్వం ఎంత పెద్దది, మనిషి ఎక్కడి నుంచి వచ్చాడు అన్న ప్రశ్నలు విస్మయాన్ని కలిగించాయి, మూఢవిశ్వాసాన్ని సడలించాయి. ఈ దశలో నీతి అంటే ప్రధానంగా హేతుబద్ధత. పాఠకుడు ఆలోచించేవాడుగా ఎదిగాడు. అయితే అతడు శంకించవలసింది దయ్యాన్ని, గ్రహణభయాన్ని. ప్రయోగశాలను శంకించే సందర్భం ఇంకా రాలేదు.

ఆ సందర్భం 1980ల్లో వచ్చింది. 1980లో ఏర్పడిన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురణల్లో డేవిడ్ వెర్నర్ గ్రంథానికి తెలుగు రూపమైన ‘వైద్యుడు లేని చోట’ ముఖ్యమైనది. మెక్సికో కొండప్రాంతపు పల్లెల అనుభవం నుంచి పుట్టిన ఆ పుస్తకం మందుల వాడకంతో పాటు దుర్వినియోగాన్ని కూడా వివరిస్తుంది. ఏ మందు ఎప్పుడు వద్దనాలో రోగికి చెపుతుంది. విజ్ఞానచంద్రిక పాఠకుడు సలహా వినేవాడైతే, ఈ పుస్తకం పాఠకుడు సలహాను తూచేవాడు.

1984 భోపాల్ దుర్ఘటన దేశమంతటా ప్రజావిజ్ఞాన ఉద్యమాలకు ఊపునిచ్చింది. 1988లో జనవిజ్ఞాన వేదిక ఏర్పడింది. పిల్లల కోసం అది నడిపిన ‘చెకుముకి’ పత్రిక ఎన్నో బడుల్లోకి చేరింది. వీటికి సమాంతరంగా హైదరాబాదుకు పడమటి శివారు పటాన్‌చెరులో జరిగిన ఘటన వైజ్ఞానిక నీతి చరిత్రలో నిలిచిపోయింది. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను పరీక్షాదశలో స్త్రీలకు ఇస్తున్నట్టు స్త్రీ శక్తి సంఘటన సభ్యులు గమనించారు. అది ఇంకా పరీక్షలో ఉన్న మందన్న సంగతి, దాని దుష్ఫలితాల సంగతి ఆ స్త్రీలకు తెలియజేయలేదన్నది వారి ఆరోపణ. 1986లో స్త్రీ శక్తి సంఘటన, ఢిల్లీకి చెందిన సహేలీ మొదలైన సంఘాలు కలిసి సుప్రీంకోర్టును ఆశ్రయించాయి. 2000లో ఆ వ్యాజ్యం ముగిసేనాటికి, ఆ ఇంజెక్షన్‌ను కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో సామూహికంగా వాడడం తగదన్న వైఖరి స్థిరపడింది.

ఇక్కడ వ్యాకరణం మళ్ళీ పనికి వస్తుంది. ఆరోగ్య కేంద్రం రికార్డు దృష్టిలో ఆ స్త్రీలు సూది ‘వేయించుకున్నారు’. సంఘాల దృష్టిలో వారికి సూది ‘వేశారు’. ‘కొను’ చేరిస్తే సమ్మతి ఉన్నట్టు, తీసేస్తే లేనట్టు. భాష సమ్మతిని సూచించగలదు. లేని సమ్మతిని ఉన్నట్టు చూపించనూ గలదు. సమాచారం లేని చోట ‘వేయించుకొను’ అన్న క్రియకు అర్హత లేదన్నదే ఆ వ్యాజ్యం సారాంశం అనవచ్చు.

హైదరాబాదు స్త్రీల ఉద్యమ వాతావరణంలో నుంచి వచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ అన్న ఆరోగ్య గ్రంథం పేరులోనే ఈ మార్పు ఉంది. పాఠకురాలి సందేహం ఆమె అజ్ఞానానికి గుర్తు కాదు, ఆమె హక్కు. వైజ్ఞానిక గ్రంథానికి సమాధానంతో పేరు పెట్టే సంప్రదాయంలో ప్రశ్నతో పేరు పెట్టడం చిన్న విషయం కాదు.

6. శామీర్‌పేట టీకా

పటాన్‌చెరు ప్రశ్న ముప్పయి అయిదేళ్ళ తరువాత ఉత్తర శివారులో వేరే రూపంలో ఎదురయింది. కోవిడ్ కాలంలో జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలితో కలిసి కోవాక్సిన్‌ను రూపొందించింది. మూడవ దశ ప్రయోగాల సామర్థ్య ఫలితాలు వెలువడక ముందే, 3 జనవరి 2021న ‘క్లినికల్ ట్రయల్ విధానం’లో అత్యవసర పరిస్థితికి పరిమితమైన అనుమతి లభించింది. ఆ విధానంలో టీకా తీసుకొనేవారు సమ్మతిపత్రం మీద సంతకం చేయవలసి వచ్చింది. మార్చిలో ఆ షరతును తొలగించారు. మూడవ దశ ప్రయోగాలు జరిగిన చోట్లలో భోపాల్ ఒకటి. అక్కడ పాల్గొన్న గ్యాస్ బాధితుల కాలనీవాసుల్లో కొందరు తమకు అది ప్రయోగమని తెలియదని ఆరోపించారు. నిర్వాహకులు ఆ ఆరోపణను ఖండించారు.

ఈ టీకా చరిత్రను అప్పటి వైద్య పరిశోధన మండలి అధిపతి బలరాం భార్గవ 2021లోనే ‘గోయింగ్ వైరల్’ అన్న ఆంగ్లగ్రంథంగా వెలువరించాడు. టీకాను పరీక్షించిన ఇరవై రీసస్ కోతులకు కూడా ఈ విజయంలో భాగముందని అందులో గుర్తు చేశాడు. లాక్‌డౌన్‌లో తిండి దొరకక కోతులు అడవుల్లోకి వెళ్ళిపోగా, వాటిని వెతికించి నాగపూర్ పరిసరాల్లో పట్టుకొన్న వైనం ఆ కథలో ఉంది. 1889 కమిషన్ నాటి కుక్కలు సంఖ్యలుగా మిగిలితే, ఈ కోతులకు కథలో పాత్ర దొరికింది. దీన్ని పురోగతి అనవచ్చు. ఆ గ్రంథం టీకాను తయారు చేయించిన సంస్థ అధిపతి రాసినది. అందువల్ల అనుమతి తొందర గురించిన విమర్శను అందులో వెతకడం కంటే, దాని పక్కన మరొక కథనాన్ని ఉంచి చదవడం అవసరం.

అలా చదివించే పద్ధతికి అమెరికా ఉదాహరణ ఒకటి ఉంది. 1951లో బాల్టిమోర్‌లో గర్భాశయ ముఖద్వార కేన్సర్‌తో మరణించిన నల్లజాతి స్త్రీ హెన్రియెటా లాక్స్ కణాలు ఆమెకు తెలియకుండానే ప్రయోగశాలల్లో పెరిగి ప్రపంచమంతటా వ్యాపించాయి. రెబెకా స్క్లూట్ 2010లో ఆమె జీవితాన్ని, ఆ కణాల చరిత్రను గ్రంథంగా రాసింది. అక్కడి విశ్వవిద్యాలయాలు అనేకం ఆ గ్రంథాన్ని కొత్త విద్యార్థులందరూ చదవవలసిన పుస్తకంగా ఎన్నుకున్నాయి. కణవర్ధనం, వర్ణవివక్ష, ఆస్తిహక్కు, సమ్మతి అక్కడ ఒకే తరగతిలో చర్చకు వచ్చాయి. కోవాక్సిన్ తయారయింది వీరో కణాల్లో. అవి 1962లో జపాన్‌లో ఆఫ్రికన్ కోతి మూత్రపిండం నుంచి తీసి వృద్ధి చేసినవి. కణానికీ చరిత్ర ఉంటుందని శామీర్‌పేట విద్యార్థికి చెప్పడానికి దూరం పోనవసరం లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. సమ్మతిని గురించి అడగడం టీకాను వ్యతిరేకించడం కాదు. టీకాలు లక్షల ప్రాణాలను కాపాడాయి. విజ్ఞానచంద్రిక తరం దీన్ని నమ్మించడానికే శ్రమించింది. ప్రశ్నించడం నేర్పే తరగతి ఆ శ్రమను వృథా చేయకూడదు. ఏ ప్రశ్నకు ఆధారం ఉందో, ఏది వదంతియో వేరు చేయడం కూడా పాఠంలో భాగం కావాలి.

7. కలుషితమైంది, కలుషితం చేశారు

పర్యావరణ విషయంలో కర్తృలోపం మరింత లోతైనది. రేచల్ కార్సన్ ‘సైలెంట్ స్ప్రింగ్’ 1962లో వచ్చినప్పుడు దాని మొదటి అధ్యాయంలోని ఊరికి పేరు లేదు. అది కల్పిత దృష్టాంతం. తరువాతి అధ్యాయాల్లో మాత్రం నదులకు, పురుగుమందులకు, వాటిని చల్లించిన ప్రభుత్వ శాఖలకు పేర్లున్నాయి. ఆ పేర్ల వల్లనే రసాయన పరిశ్రమ ఆగ్రహించింది, ఆ పేర్ల వల్లనే ప్రభుత్వం కదిలింది. పర్యావరణ గ్రంథం బలం వర్ణనలో కంటే నామకరణంలో ఉంటుందనడానికి ఇది నిదర్శనం.

మన పరిసరాల్లో అటువంటి నామకరణం పటాన్‌చెరులో జరిగింది. అక్కడి వైద్యుడు డాక్టర్ అల్లాని కిషన్‌రావు రోగుల వ్యాధులకు, నక్కవాగు నీటికి ఉన్న సంబంధాన్ని దశాబ్దాల పాటు ప్రజల ముందుకు, న్యాయస్థానాల ముందుకు తెచ్చాడు. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లార్సన్ బృందం ప్రచురించిన పత్రం ప్రపంచ దృష్టిని అటు మళ్ళించింది. దాదాపు 90 మందుల పరిశ్రమల వ్యర్థజలం చేరే పటాన్‌చెరు శుద్ధికేంద్రం నుంచి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్టు ఆ పత్రం చూపింది. చికిత్స పొందే రోగి రక్తంలో ఉండే గరిష్ఠ మోతాదు కంటే అది ఎక్కువ. రోగాన్ని పోగొట్టే మందే నీటిలో చేరి, మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరగడానికి దోహదం చేస్తుంది. ‘అంటువ్యాధులు’ గ్రంథం నాటి సూక్ష్మజీవి ఇక్కడ మనుషుల నిర్ణయాలతో చేయి కలిపింది. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, నీతి వేర్వేరు పరీక్షలుగా నిలవలేని చోటు ఇదే.

ఉత్తర శివారులో జవహర్‌నగర్ అటువంటి గ్రంథానికి తగిన వస్తువు. నగరం చెత్త ఏళ్ళ తరబడి గుట్టగా పెరిగింది. దాని నుంచి ఊరిన మురుగు మల్కారం చెరువును, భూగర్భజలాన్ని చెడగొట్టింది. తరువాత పాత గుట్టను కప్పారు. 2020లో చెత్త నుంచి విద్యుత్తు తీసే కేంద్రం ప్రారంభమయింది. ‘మల్కారం చెరువు కలుషితమైంది’ అన్న వాక్యాన్ని ‘కలుషితం చేశారు’ అని మార్చగానే కర్త కోసం వెతుకులాట మొదలవుతుంది. కర్త కాంట్రాక్టరా, నగరపాలక సంస్థా, చెత్త వేరు చేయని లక్షల ఇళ్ళా? వెతుకులాట కొంతదూరం వెళ్ళి తిరిగి మన ఇంటికే రావచ్చు. అప్పుడు ‘వ్యక్తి పాత్ర’ అన్న శీర్షికకు అర్థం వస్తుంది. అది చిట్టచివరి సమాధానాల్లో ఒకటిగా రావాలి, మొదటి సమాధానంగా వస్తే మిగిలినవారందరూ తప్పించుకొంటారు.

8. బోధనకు కొన్ని సూచనలు

పై పరిశీలన ఆధారంగా తెలుగు, సైన్సు అధ్యాపకులు కలిసి నడపగల మూడు అభ్యాసాలను సూచించవచ్చు.

మొదటిది కర్త అన్వేషణ. పాఠ్యపుస్తకంలోని కాలుష్య పాఠం నుంచి ఒక పుట తీసుకొని, అందులోని అకర్మక క్రియలను, ‘బడు’ చేరిన క్రియలను గుర్తించి, సకర్మక క్రియలుగా మార్చి రాయించాలి. కర్త తెలియని చోట ఖాళీ వదలాలి. ఆ ఖాళీలే క్షేత్రపర్యటనకు ప్రశ్నావళి అవుతాయి. ‘బడు’ ప్రయోగం తెలుగు నుడికారానికి పరాయిదని వ్యాకర్తలు ఎప్పటి నుంచో చెపుతున్నారు. అది బాధ్యతకు కూడా పరాయిదన్నది విద్యార్థి స్వయంగా గ్రహిస్తాడు.

రెండవది జంట పఠనం. ఒకే ఘటన మీద రెండు వచనాలను పక్కపక్కన ఉంచాలి. మలేరియా పాఠం పక్కన రాస్ స్వీయచరిత్రలోని హుసేన్ ఖాన్ ప్రస్తావన, టీకా విజయగాథ పక్కన సమ్మతిపత్రం, చెరువుల పాఠం పక్కన స్థానికుల వాఙ్మూలం. సైన్సు అధ్యాపకుడు తథ్యాన్ని సరిచూస్తే, తెలుగు అధ్యాపకుడు కథనదృష్టిని సరిచూస్తాడు.

మూడవది రచన. పర్యటన తరువాత విద్యార్థులు తమ ఊరి చెరువు, వాగు, చెత్తకుప్ప చరిత్రను వచనంగా రాయాలి. ఊరి పేరు, సంవత్సరం, కొలత, చెప్పినవారి మాట అందులో ఉండాలి. నిరూపించలేని నింద ఉండకూడదు. అవతలి పక్షం చెప్పినదాన్ని రాయాలి. ఈ నియమాలను పాటించడమే నీతిశిక్షణ. శివరామ కారంత వంటి నవలాకారుడు దేశ పర్యావరణ స్థితిని గురించిన పౌరనివేదికను కన్నడంలోకి తెచ్చాడు. పర్యావరణ వచనాన్ని సాహిత్యకారుని బాధ్యతగా భావించే మర్యాద మన పొరుగునే ఉంది.

9. ఉపసంహారం

1906 నాటి వైజ్ఞానిక వచనం శాస్త్రాన్నీ నీతినీ కలిపి చెప్పింది, పాఠకుని నోరు మాత్రం విప్పించలేదు. శతాబ్ది మధ్యలోని వచనం అతనికి ఆలోచన నేర్పింది, ప్రయోగశాల తలుపు దగ్గర ఆగింది. 1980ల వచనం ఆ తలుపు తట్టి, మా మీద ఏమి చేస్తున్నారని అడిగింది. ఈ మూడు దశల తరువాత వచ్చిన పాఠ్యప్రణాళిక, ఆ అడిగే గొంతును పక్కన పెట్టి, మొదటి దశలోని ఉపదేశాన్ని మాత్రమే స్వీకరించింది. ఈ చరిత్రను తరగతిలోకి తిరిగి తేవడం సాధ్యమే. కావలసిన గ్రంథాలు కొన్ని తెలుగులోనే ఉన్నాయి, కొన్నింటిని అనువదించవలసి ఉంది, మరికొన్నింటిని ఇక్కడి విద్యార్థులే రాయవలసి ఉంది.

సైన్సు బోధనలో నీతి అన్నది సైన్సు శాఖ పని, లేదా తత్త్వశాస్త్ర శాఖ పని అన్న అభిప్రాయం తెలుగు శాఖల్లోనూ ఉంది. కర్తను గుర్తించడం, క్రియ భేదాన్ని పట్టుకోవడం, ‘వేశారు’ అన్నదానికి ‘వేయించుకున్నారు’ అన్నదానికి మధ్య ఉన్న దూరాన్ని కొలవడం మన శాఖ నిత్యం చేసే పని. మేడ్చల్ కళాశాలలో సైన్సు చదివే విద్యార్థికి ఆ కొలత అందితే, రేపు అతడు ఏ ప్రయోగశాలలో నివేదిక రాసినా తన వాక్యంలో కర్తను దాచే ముందు ఒకసారి ఆగుతాడు.